మిషన్ ట్రిప్‌లో నెల రోజులు ఇంగ్లీషు చెప్పడానికి కంబోడియా వెళ్లనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 24. ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ చేసి ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. తాతల కాలం నుంచి లూథరన్ సంఘస్థులం. మా యౌవనస్థుల బృందం వచ్చే మే నెలలో కంబోడియాలోని కంపాంగ్ చామ్‌కు మిషన్ ట్రిప్ వెళ్తోంది. మూడు వారాలు ఉదయం పూట పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి, సాయంత్రం పాటలు, సాక్ష్యాలు (మా విశ్వాసం గురించి చెప్పడం) ఉంటాయి. చివరి వారం ఒక అనాథాశ్రమంలో సేవ. ఇంగ్లీషు చదివినదాన్నని నన్నూ రమ్మన్నారు. మనిషికి లక్షా ఇరవై వేలు ఖర్చు. సంఘంలోనూ బంధువుల్లోనూ కానుకలు అడిగి సమకూర్చుకోమన్నారు. నాన్న ససేమిరా అంటున్నారు, ఆయనకు సేవ అంటే మొదటి నుంచీ పట్టదు. మా పాస్టరు అయ్యగారు ‘ప్రార్థన చేసి దేవుని చిత్తం తెలుసుకో’ అంటున్నారు. మా పెద్దత్త ‘ఇలా దేశాలు తిరిగే పిల్లకు సంబంధాలు రావు’ అంటోంది. నాకు వెళ్లాలనే ఉంది, కానీ నా ఇంగ్లీషులో తెలుగు యాస ఉంటుందని భయం. నాన్న మాట వినాలా, పిలుపు వినాలా? ఆయనకు చెప్పకుండా ముందు పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకోనా?

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, అన్నిటిలోకీ అదే తేలిక. మీకు ఇరవై నాలుగేళ్లు. పాస్‌పోర్టుకు నాన్నగారి సంతకం అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, మామూలు పద్ధతిలో 1,500 రూపాయల రుసుము కట్టి, విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి ఒక పూట వెళ్లొస్తే మీ వంతు పని అయిపోతుంది. ఆ తర్వాత విచారణకు పోలీసులు ఇంటి చిరునామాకు వస్తారు. మీరు బడిలో ఉన్న వేళ కానిస్టేబులు తలుపు తడితే తీసేది ఎవరు? కూతురు విదేశం వెళ్లబోతోందన్న కబురు ఆయనకు ఖాకీ చొక్కా నోట వినపడేకంటే మీ నోట వినపడటమే నయం. ట్రిప్ ఉన్నా లేకపోయినా పాస్‌పోర్టు పనికొచ్చేదే. చేయించుకోండి, చెప్పి చేయించుకోండి.

నాన్నగారికి సేవ అంటే పట్టదని రాశారు. నాకు అలా అనిపించలేదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన వ్యవహారం మీకు గుర్తుండాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రవాళ్లను కంబోడియాకు తరలించారు. అక్కడ వాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో కట్టడి చేసి, మన దేశంలో ఉన్నవాళ్లనే ఫోన్లలో మోసగించే పని చేయించారు. విదేశాంగ శాఖ కూడా ఆ దేశంలో ఉద్యోగాల పేరుతో జరిగే మోసాల గురించి హెచ్చరికలు జారీ చేసింది. కంబోడియా అనగానే ఒక ఆంధ్రా తండ్రికి ఆంకోర్ వాట్ గుర్తుకు రాదమ్మా, ఇదే గుర్తొస్తుంది. దీనికి తోడు 2025 జూలైలో థాయ్‌లాండ్ సరిహద్దులో రెండు దేశాల సైన్యాలూ కాల్పులు జరుపుకున్నాయి. కూతురిని పంపడానికి జంకే మనిషిని విశ్వాసం లేనివాడని అనుకోవడం అన్యాయం.

సంఘం తీసుకెళ్లే ట్రిప్పుకూ ఆ ముఠాలకూ పొంతన లేదు, నిజమే. ఆ తేడా ఆయనకు కాగితాల మీద కనిపించాలి. అక్కడ మిమ్మల్ని పిలుస్తున్న సంఘం పేరు, చిరునామా, ఫోను నంబరు తీసుకోండి. ఎవరి ఇంట్లో ఉంచుతారో, బృందంలో ఆడపిల్లలెందరో, వెంట వచ్చే పెద్దవాళ్లు ఎవరో రాసివ్వమనండి. రాకపోకల టిక్కెట్లు రెండూ ముందే చేతిలో ఉండాలి. అక్కడి రాజధాని ఫ్నోంపెన్‌లోని మన రాయబార కార్యాలయం నంబరు నాన్నగారి ఫోనులో ఉండాలి. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంటుందని, ‘భద్రత కోసం’ అని కూడా ఎవరి చేతికీ ఇవ్వనని ఆయనకు మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. మ్యాపు తెరిచి చూపించండి: కంపాంగ్ చామ్ ఫ్నోంపెన్‌కు ఈశాన్యంగా, రోడ్డు మీద సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, మెకాంగ్ నది ఒడ్డున ఉంది. గొడవలు జరిగిన సరిహద్దు ఎక్కడో ఉత్తరాన, పడమరన ఉంది. అయినా వెళ్లేముందు మన రాయబార కార్యాలయం ఏమంటోందో ఒకసారి చూసుకోవాలి.

వీసా సంగతీ ఇక్కడే అడిగెయ్యండి. ముప్పై డాలర్ల టూరిస్టు వీసా ముప్పై రోజులకే, అదీ ఊళ్లు చూడటానికే. ముప్పై అయిదు డాలర్లకు వచ్చే సాధారణ వీసా వేరే ఉంది. బడిలో రోజూ పాఠాలు చెప్పేవాళ్లకు ఏది తీసుకుంటున్నారో, అక్కడి అనుమతులు ఎవరు చూస్తున్నారో బృందం నాయకుడు తడుముకోకుండా చెప్పగలగాలి. ‘అందరూ టూరిస్టు వీసా మీదే వెళ్తారు, ఎవరూ అడగరు’ అన్నారంటే ఆ ఏర్పాట్లు ఎంత గట్టివో తెలిసిపోతుంది. గడువు దాటి ఉంటే రోజుకు పది డాలర్ల జరిమానా ఉంది కాబట్టి నెల రోజులు అంటే ఎన్ని రోజులో కూడా వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి.

ఇక నాన్న మాటా, పిలుపా అని అడిగారు. రెండు వైపులా బైబిలు వాక్యాలు దొరుకుతాయి. అది మీకూ తెలుసు, అయ్యగారికీ తెలుసు. పట్టుబట్టి వెతికితే నాన్నగారికీ దొరుకుతాయి. ఆ వాదంలోకి నేను దిగను. నాకు కనిపించే అసలు ప్రశ్న వేరు: మీరు వెళ్లి చెప్పబోయే ఆ తరగతి ఎవరిది?

లెక్క చూడండి. మూడు వారాలు, వారానికి అయిదు రోజులు, రోజుకు రెండు గంటలు. మొత్తం ముప్పై గంటలు. ఇంగ్లీషులో ఒక స్థాయి నుంచి పై స్థాయికి ఎక్కడానికి రమారమి రెండు వందల గంటల బోధన కావాలని కేంబ్రిడ్జి పరీక్షలు నిర్వహించేవాళ్ల అంచనా. మీరు ఎంత ప్రాణం పెట్టి చెప్పినా ముప్పై గంటల్లో ఇంగ్లీషు రాదు. మీకు ముందూ మీ తర్వాతా ఆ పిల్లలకు రోజూ పాఠం చెప్పే టీచరు ఒకరు ఆ ఊళ్లోనే ఉంటారు. ఆ తరగతి వాళ్లది.

గుంటూరు వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాలా? 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర ఇక్కడికి వచ్చారు. అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, తెలుగు నేర్చుకుని, వైద్యం చేసి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆమె 1898లో తెరిచిన ఆసుపత్రిని జనం ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. ఆనాటి మిషన్లలో లోపాలు లేవని అనను, వాటి మీద చాలా రాయవచ్చు. కానీ ఉండిపోయినవాళ్లు చేసే పని ఒకటి, నెలకు వెళ్లొచ్చేవాళ్లు చేయగలిగింది ఇంకొకటి. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లం ఆ ఇంటి వంటింట్లో పెత్తనం చేయం కదా, కూరలు తరిగిపెడతాం. మీరూ ఆ టీచరుకు సహాయకురాలిగా వెళ్లండి.

కాబట్టి ముందుగా ఆ టీచరు పేరు కనుక్కోండి. ఇప్పటి నుంచే ఆమెకో ఆయనకో సందేశాలు పంపండి. మేలో ఏ పాఠం మీద ఉంటారో, ఏ పుస్తకమో, పిల్లలకు ఎక్కడ అడ్డం పడుతోందో అడగండి. పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపమనండి. మీరున్నన్ని రోజులూ ఆ టీచరు తరగతిలోనే ఉండాలని షరతు పెట్టండి. ‘మీరు వచ్చిన మూడు వారాలూ ఆమెకు సెలవు’ అన్న జవాబు వస్తే, లేదా టీచరెవరో బృందంలో ఎవరికీ తెలియకపోతే, వెళ్లకండి. మీరు తిరిగొచ్చిన మర్నాడు ఆ పిల్లల గతేమిటో ఆలోచించని ట్రిప్పు అది.

ఈ ఒక్క సంగతి తేలిందనుకోండి, మీరు చేయగలిగింది చాలా ఉంది. యాస గురించి బెంగ వద్దు. దయచేసి అమెరికా వాళ్లలా నాలుక మెలితిప్పే ప్రయత్నం మాత్రం చేయకండి, చూసేవాళ్లకు జాలేస్తుంది. ఇంగ్లీషును బడిలో కష్టపడి నేర్చుకున్నవాళ్లకు దారిలో ఎక్కడ కాలు జారుతుందో తెలుస్తుంది. పుట్టుకతో మాట్లాడేవాళ్లకు అది తెలియదు. ఆ విషయంలో మీదే పైచేయి. అయితే వాళ్లు జారే చోటు వేరు, మనం జారే చోటు వేరు. కంబోడియా వాళ్ల ఖ్మేర్ భాషలో క్రియ కాలాన్ని బట్టి రూపం మార్చుకోదు, బహువచనానికి చివర చేర్చేదేమీ ఉండదు. అందుకే నిన్న జరిగినదాన్నీ రేపు జరగబోయేదాన్నీ ఇంగ్లీషులో ఒకే క్రియతో చెప్పేస్తారు. మాట చివర వచ్చే ‘స్’ వాళ్ల నోట హకారంలా తేలిపోతుంది, ‘రైస్’ అనబోతే చివరి శబ్దం వినపడదు. మనమేమో చివర ఒక అచ్చు తగిలించి రైసు, బస్సు, బుక్కు అంటాం. మీరు రైసు అంటే వాళ్లూ రైసు అనే నేర్చుకుంటారు, కాబట్టి ముందు ఇంట్లో మీ నోటి సంగతి చూసుకోండి. తరగతిలో అరచేతిని పెదవులకు దగ్గరగా పెట్టుకోమని, రైస్, ఐస్, హౌస్ అనిపించండి. చివర సన్నటి గాలి చేతికి తగలాలి. తగిలిన పిల్ల చెయ్యెత్తాలి. రోజుకు అయిదు నిమిషాలు చాలు. నవ్వుతారు, నవ్వనివ్వండి. అలాగే అన్నదమ్ములున్నారని చెప్పడానికి మనవాళ్లు అనే ‘ఐ యామ్ హ్యావింగ్’ను దయచేసి అక్కడికి మోసుకెళ్లకండి.

అందరి చేతా ఒకేసారి అనిపించే పద్ధతిని వీలైనంత తగ్గించండి. నలభై గొంతులు కలిసి గుడ్ మార్నింగ్ అంటే వీడియోకు బాగుంటుంది, అందులో ఎవరికి ఏమి వచ్చో టీచరుకు మాత్రం తెలియదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరిని మామిడిపళ్లు అమ్మమనండి, ఒకరిని కొనమనండి. అక్కడ రియల్ అనే సొంత నోట్లూ డాలర్లూ రెండూ చలామణీలో ఉంటాయి కాబట్టి బేరంలో అంకెలు బాగా నలుగుతాయి. గదంతా సంతలా గోలగా ఉంటుంది. పక్క గది టీచరు తొంగిచూస్తే క్షమించమని నవ్వండి. ఆ గోలలో ప్రతి పిల్లా మాట్లాడుతుంది, మీ ముప్పై గంటల్లో సాధ్యమయ్యేది అదే: నోరు తెరవడానికి సిగ్గు పోవడం. అన్నట్టు, ఖ్మేర్ లిపి మన దక్షిణాది పల్లవ లిపి నుంచి వచ్చింది. వాళ్ల రెండు, మూడు అంకెలు మన ౨, ౩లకు దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. మొదటి రోజు బోర్డు మీద మన అంకెలు రాసి, పక్కన వాళ్లవి రాయమనండి. విదేశీ టీచరన్న బెరుకు చాలావరకు అక్కడే వదులుతుంది.

ఒక్క పాఠం దగ్గర జాగ్రత్త. కుటుంబం గురించి చెప్పేటప్పుడు తాతయ్య ఏం చేసేవారు, నానమ్మ ఏరి అని గుచ్చి అడగకండి. 1975 నుంచి 1979 వరకు ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. చదువుకున్నవాళ్లను, టీచర్లను ఏరి చంపారు. ఆ తరం ఆ ఇళ్లలో ఇంకా ఉంది. పిల్లలకు కథ తెలిసి ఉండవచ్చు, తెలియకపోవచ్చు, మీ పాఠంలో అది బయటపడాల్సిన పని లేదు.

ఇప్పుడు మీరు అడగని విషయం. ఉదయం ఇంగ్లీషు, సాయంత్రం సాక్ష్యాలు అన్నారు. ఈ రెంటి మధ్య గోడ ఎంత ఎత్తుగా ఉంది? కంబోడియాలో బౌద్ధం రాజ్యమతం, ఇతర మతాలకూ స్వేచ్ఛ ఉంది. అయితే బౌద్ధేతర సంస్థలు బహిరంగంగా మతప్రచారం చేయకూడదని, మత సాహిత్యాన్ని ప్రార్థనా స్థలాల లోపలే పంచాలని, డబ్బో వస్తువులో ఆశచూపి మతంలోకి రప్పించకూడదని అక్కడి నిబంధనలు. అంటే ఇంగ్లీషు తరగతి చివర పెన్నులు, చాక్లెట్లు పంచి, సాయంత్రం ప్రార్థన కూడికకు రమ్మని కార్డుల మీద పేర్లు రాయించుకోవడం కుదరదు. చట్టం మాట అటుంచండి. రేపు ఏ దేశం వాళ్లో మీ బడికి వచ్చి, ఇంగ్లీషు చెబుతామని పిల్లల్ని కూర్చోబెట్టి తమ మతం బోధిస్తే హెడ్మాస్టరు గదికి మొదట పరుగెత్తే తల్లి మీ అమ్మగారే అయి ఉంటారు. నేనూ ఆదివారం చర్చికి వెళ్లేదాన్నే, భక్తికి అడ్డుపడుతున్నానని అనుకోకండి. కూడిక అక్కడి సంఘం వాళ్లు, వాళ్ల చర్చిలో, కూడిక అనే పేరుతోనే పెట్టుకోవాలి. దానికి రాని పిల్లకు ఉదయం తరగతిలో అదే చోటు, అదే ఆదరణ దొరకాలి. మీరెవరని తల్లిదండ్రులు అడిగితే క్రైస్తవులం, గుంటూరు నుంచి ఫలానా సంఘం తరఫున వచ్చామని దాచకుండా చెప్పండి.

అనాథాశ్రమం వారానికి మాత్రం నా జవాబు వద్దు అనే. ఇందులో బేరాలు లేవు. ఆ దేశంలో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. విదేశీయులు వచ్చి చూసి, కానుకలిచ్చి పోవడం మొదలయ్యాక ఆశ్రమాలు పెరిగాయి, పేదరికంలో ఉన్న తల్లిదండ్రులను ఒప్పించి పిల్లల్ని అక్కడికి చేర్చారు. యునిసెఫ్ వంటి సంస్థలు ఇలాంటి సందర్శనలను మానుకోమని ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. వారం రోజులు ఒళ్లో కూర్చోబెట్టుకుని, పాటలు నేర్పి, ఏడుస్తూ వీడ్కోలు చెప్పి వచ్చేస్తారు. ఆ తర్వాతి వారం ఇంకో బృందం వస్తుంది. మీకు అది జీవితంలో ఒక్కసారి వచ్చే ఏడుపు, ఆ పిల్లలకు నెలనెలా వచ్చేది. ఆ వారాన్ని కూడా బడిలోనే గడిపేలా మార్చమని అడగండి. మార్చకపోతే మూడు వారాలకే తిరిగొచ్చేలా టిక్కెట్టు తీసుకోండి.

డబ్బు. లక్షా ఇరవై వేలకు పద్దులవారీగా లెక్క అడగండి: విమానం ఎంత, వీసా ఎంత, బస ఎంత, అక్కడి సంఘానికి ఇచ్చేదెంత. అడగడం అమర్యాద కాదు, చెప్పకపోవడమే అమర్యాద. ఈ మొత్తంతో అక్కడే ఒక టీచరును పెట్టవచ్చు కదా అనేవాళ్లు ఉంటారు. లెక్కకు అది నిజమే, కానీ మీరు మానుకుంటే ఆ డబ్బు ఆ టీచరుకు చేరుతుందన్న భరోసా కూడా ఏమీ లేదు. మీ జీతంలో దాచుకున్నది ముందు పెట్టండి. మిగిలింది స్థితిమంతులను అడగండి. సంఘంలో నెలకు నాలుగు వేల పింఛను మీద బతికే అవ్వలు ఉంటారు, అడిగితే ముందుగా ముడి విప్పేది వాళ్లే. వాళ్లను అడగకండి. ఇచ్చినవాళ్లందరికీ తిరిగొచ్చాక ఖర్చు కాగితం చూపించండి.

పెద్దత్తగారి మాటకు జవాబు అక్కర్లేదు. నెల రోజులు పిల్లలకు పాఠం చెప్పి వచ్చినందుకు వెనక్కి పోయే సంబంధం ముందే పోవడం మంచిది. అమ్మగారు మేలో కొత్త ఆవకాయ జాడీ కట్టి ఇస్తారు, తీసుకెళ్లండి, కానీ వాళ్ల బల్ల మీద రోజూ తెరవకండి. అన్నం, చేపలు వాళ్లకూ ఉన్నాయి. ప్రహోక్ అనే చేపల ముద్ద వాసన మొదట ఇబ్బంది పెడుతుంది, మన ఎండుచేపలకు అలవాటుపడ్డ ముక్కు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. వానలు మొదలయ్యే కాలం కాబట్టి డెంగీ దోమల సంగతి మరవకండి.

వెళ్లేలోపు మిర్చి యార్డులో పనిచేసే హమాలీల పిల్లలను శని, ఆదివారాల్లో ఒకచోట చేర్చి, పైన చెప్పిన మామిడిపళ్ల బేరం పాఠాన్ని ఇంగ్లీషులో వాళ్ల చేత ఆడించి చూడండి. మీకు విసుగు పుడితే కంపాంగ్ చామ్‌లోనూ రెండో వారానికి అదే విసుగు పుడుతుంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నాన్నగారిని వెంటబెట్టుకుని అయ్యగారి దగ్గరికి వెళ్లండి. ఆయన అడగదలచుకున్నవన్నీ ఆయన్నే అడగనివ్వండి, మధ్యలో సర్దిచెప్పకండి. వీసా, అనాథాశ్రమం, అక్కడి టీచరు పేరు, ఈ మూడూ మీరు అడగండి. సూటిగా జవాబులు వస్తే నాన్నగారు అక్కడే సగం మెత్తబడతారు, మీరు నిశ్చింతగా వెళ్లిరండి, జూన్ 12న బడులు తెరిచేలోపు తిరిగొచ్చేయండి. జవాబులు రాకపోతే ఈ ఏడాదికి ఆగండి. మేలో మీ సంఘంలో వి.బి.ఎస్. (పిల్లలకు సెలవుల బైబిలు బడి) ఎలాగూ ఉంటుంది, దానికి ఏటా టీచర్లు చాలరు.